ఆయన చెప్పింది ఊరి పేరు

చింతామణిలో పాత సామాన్ల అంగడి నడిపిన తాత ఇక లేరని మా అమ్మ ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను చిక్కబళ్ళాపురలో మా కళాశాల సెమినార్ హాలులో ఉన్నాను. మరునాటి చర్చాపోటీకి ప్రతివాదం రాసుకుంటున్నాను. "అంగడి తాత పోయినాడంట పాపా. తెల్లారి కాపీ తాగి కూర్చున్నోడు కూర్చున్నట్టే పోయినాడంట," అంది అమ్మ. నేను "అయ్యో" అన్నాను. ఆ మాట పైకి రావడానికి ముందే మనసులో ఇంకొకటి మెదిలింది. ఆయన ఎదుట నిలబడి క్షమాపణ అడగవలసిన పని ఇక లేదు అన్న ఊరట. అది ఒక్క క్షణమే ఉంది. కానీ ఉంది. దాన్ని దాచిపెట్టి ఈ స్మృతి రాస్తే మిగిలిన ప్రతి వాక్యమూ అబద్ధమవుతుంది కనుక మొదటే చెబుతున్నాను.

ఆయన నాకు బంధువు కారు, బడిలో పాఠం చెప్పిన గురువు కారు. ఒక ఏడాదిలో నాలుగుసార్లు ఆయన అంగడికి వెళ్ళాను. మొదటి మూడుసార్లు ఆయన నాకు నేర్పారు. నాలుగోసారి నేను పదిమంది ముందు ఆయనను మోసగాడన్నాను. కొత్త బల్లను పాతదని చెప్పి అంటగడుతున్నారన్నాను. ఆ బల్ల పాతదే. ఆయన ఆడింది నిజమే. నేను విన్నదే తప్పు.

నా గురించి ఒక్క విషయం చెప్పాలి, అది లేకుండా జరిగింది అర్థం కాదు. చర్చావేదికల మీద నాకొక పేరుంది. ఎదుటి పక్షం వారిని ఓడించడానికి నేను గ్రంథాల దాకా వెళ్ళను. వారి నోటి నుంచి జారిన ఒక మాటను పట్టుకుంటాను, దాన్ని వారి మీదికే తిప్పుతాను, వారు సర్దుకునేలోగా రెండో మాట వేస్తాను. కన్నడంలోనూ తెలుగులోనూ నా చెవిని దాటి ఏదీ పోదని నా నమ్మకం. ఇంట్లో తెలుగు, వీధి దాటితే కన్నడం, వేదిక ఎక్కితే ఇంగ్లీషు. మా వైపు పిల్లలందరమూ ఇలాగే పెరుగుతాం. నేను మాత్రం దాన్ని కత్తిలాగా నూరుకున్నాను.

మా కొత్త ఇంటి హాలులో సోఫాకు రెండు పక్కలా రెండు చిన్న బల్లలు కావాలని అమ్మ కోరిక. ఆమె వాటిని టీపాయిలు అంటుంది. బజారులో దొరికే కొత్తవి కొందామంటే నేను అడ్డుపడ్డాను. అవి రంపపు పొట్టును జిగురుతో అదిమి, పైన కాగితం అంటించిన అట్టలు, కర్ర అని పిలవడమే తప్పు అని వాదించాను. పాత సామానును ఎలా గుర్తుపట్టాలో చదివాను: అడుగున రంపం గీతలు వంకరగా ఉంటాయట, చేత్తో చేసిన కీళ్ళు ఒకదానితో ఒకటి సరిపోలవట, సొరుగు అడుగుపలక ఏళ్ళు గడిచేకొద్దీ కుంచించుకుని సందు వదులుతుందట. ఒక పుస్తకం నిండా గుర్తులు రాసుకుని, అమ్మను వెంటబెట్టుకుని చింతామణి బస్సు ఎక్కాను.

ఒకప్పటి శనక్కాయల గోదాములో ఉండేది ఆయన అంగడి. ఊళ్ళలో పాత ఇళ్ళు పడగొడుతున్నారంటే ఆయన వెళ్ళేవారు. ద్వారబంధాలు, మంచాలు, ఊయల పలకలు, బల్లలు తెచ్చి, పాడైనవి బాగుచేసి అమ్మేవారు. మనిషి పొట్టి. చెవి మీద పెన్సిలు. పై పళ్ళు రెండు లేవు. వెళ్ళగానే బల్లలు చూపించమని నేను అడిగాను. ఆయన నన్ను దాటి అమ్మను చూశారు.

"ఆ సోఫాలో ఎవరమ్మా ఎక్కువ కూర్చునేది?"

"వీళ్ళ నాయనప్పా. పొద్దున పేపరు చదివేదానికి."

"కాపీ లోటా ఏ చేత్తో పట్టుకుంటాడు?"

అమ్మ ఆలోచించింది. కుడిచెయ్యి ఎత్తి చూసుకుంది, ఎడమచెయ్యి ఎత్తి చూసుకుంది. "నేనెప్పుడు చూస్తినప్పా! ఇచ్చేస్తా, తాగేస్తాడు," అని నవ్వేసింది.

"ఇన్నేండ్లు కాపురం చేసి చెయ్యే చూడలేదా? పోయి చూసుకోని రాపోమ్మా. బల్లలు యాడికీ పోవు."

నాకు కోపం వచ్చింది. ఇంత దూరం వచ్చింది బల్లలు చూడడానికి గాని ఇంటి విషయాలు అప్పజెప్పడానికి కాదు అన్నాను. లోపలి నుంచి ఆయన కూతురు కాఫీ తెచ్చింది. అంగడి లెక్కాపత్రం, కొనేవాళ్ళతో మాటలు సగం ఆమే చూసుకునేది. నన్ను ఒక పాత సోఫాలో కూర్చోబెట్టి, చేతికి లోటా ఇచ్చి, ఆయన మాటల్లో పెట్టారు. ఏం చదువుతావు, పోటీల్లో ఏం మాట్లాడతావు, ఓడిపోయినోళ్ళు ఏడుస్తారా అని. నేను ఉత్సాహంగా చెబుతుండగా మధ్యలో అన్నారు: "ఇప్పుడు లోటా పెట్టేయ్. చూడొద్దు, నన్నే చూస్తా పెట్టేయ్."

నా చెయ్యి గాలిలో దిగుతూ పోయింది. ఎక్కడా ఏదీ తగల్లేదు. పక్కన ఉన్న బల్ల మరీ కిందికి ఉంది. ఆయన దాన్ని కాలితో జరిపి మరొకటి పెట్టారు. మళ్ళీ మాటలు, మళ్ళీ లోటా. ఈసారి అంచుకు తగిలి కాఫీ ఒలికింది. మూడోదాని మీద నా చెయ్యి ఏ అనుమానమూ లేకుండా దిగింది. "ఇదీ నీ ఎత్తు," అన్నారు. "బల్లని చేత్తో చూడాల పాపా. కన్నుకు అన్నీ బాగనే ఉంటాయి."

నేను రాసుకెళ్ళిన గుర్తుల పుస్తకంలో ఈ ముక్క లేదు. ఉక్రోషంతో, నాకు తెలిసినది ఏదైనా ఒకటి చెప్పాలని, టీపాయి అన్న మాటకూ టీకీ సంబంధమే లేదని, మూడు కాళ్ళది అని దాని అసలు అర్థమని వివరించాను. ఆయన చాలా శ్రద్ధగా విన్నారు. తర్వాత ఒక బల్లను వెల్లకిలా తిప్పి, కాళ్ళు లెక్కబెట్టి, "నాలుగుండాయే పాపా దీనికి. ఒకటి పీకేద్దామా?" అన్నారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కూతురు లోపల ఎక్కడో పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. వేదిక మీద నన్నెవరైనా అలా దెబ్బకొట్టి ఉంటే వారం రోజులు నిద్రపట్టేది కాదు.

రెండోసారి వెళ్ళినప్పుడు అమ్మ జవాబు తెచ్చింది: ఎడమచెయ్యి. ఆయన తల ఊపి, అయితే పెద్ద బల్ల ఎడమ పక్కకు, చిన్నది కుడి పక్కకు అని తేల్చారు. రెండూ ఒకే అచ్చులో కావాలని అమ్మ అడిగింది. "జోడీ కావాలంటే కొత్త అంగడికి పోవాలమ్మా. పాతవి యాడాడి నుంచో వస్తాయి, అక్కచెల్లెండ్లు కావు. ఎత్తు కలిస్తే చాలు, మిగతాది అవే కలుస్తాయి," అన్నారు.

ఆ రోజు నాకు కర్రలు చూపించారు. బీటె అని మా వైపు పిలిచే నల్లని బరువైన కర్ర. చేత్తో ఎత్తితేనే టేకుకూ దానికీ తేడా తెలుస్తుంది. పనస కర్ర కోసిన నాడు పసుపు ముద్దలాగా ఉంటుంది. గాలి, వెలుతురు, మనుషుల చేతులు తగిలి ఏళ్ళ మీద ఎర్రబడుతుంది, తర్వాత గోధుమవన్నెకు దిగుతుంది. సొరుగు లాగి వాసన చూడమన్నారు. ఒకదానిలో వక్కాకు వాసన, ఒకదానిలో కర్పూరం, మరొకదానిలో కిరసనాయిలు. "లాంతరు పెట్టుకున్నారు దీంట్లో," అన్నారు ఆయన, ఎవరినో గుర్తుపట్టినట్లు.

ఆయనకొక అలవాటుండేది. ఏ వస్తువు గురించి చెప్పినా ముందు దాని లోపంతో మొదలుపెట్టేవారు. "ముందు దీని జబ్బు చెప్తా, ఆమీద గుణం చెప్తా" అనేది ఆయన మాట. మురుగమల్ల నుంచి వచ్చిన ఒకావిడ బీటె బల్లను చూసి ముచ్చటపడి, తీసుకుపోవడానికి సిద్ధమైపోయింది. ఆయన వదల్లేదు. "ఈ వెనక కాలు చెదలు తినేసినాదమ్మా. నేనే మార్చినా. చూడు, ఈడ అతుకు." ఆమె ముఖం చిన్నబోయింది. కూతురు ఉండబట్టలేక, "ఆమె అడిగిందా నాయనా నిన్ను? ఇట్ల చెప్తా పోతే కొనేదెవరు?" అంది. "తెలిసి కొనేవాళ్ళు కొంటారు," అన్నారు ఆయన. ఆమె తెలిసే కొన్నది.

మూడోసారి నేను ఆయనతో వాదానికి దిగాను. కాలు మార్చిన బల్ల పాతదెలా అవుతుంది? రెండు కాళ్ళు మారిస్తే? పలక కూడా మారిస్తే? ఎక్కడ ఆగుతుంది ఆ పాతదనం? ఆయన చిత్రిక పడుతూనే విన్నారు, నడుమ నడుమ "ఊఁ" అన్నారు, చివరికి అన్నారు: "గెలిచినావు పాపా. ఇంక ఆ పక్క పట్టుకో, దీన్ని లోపల పెడదాం." పట్టుకున్నాను. అంత బరువైన విజయం నాకు మళ్ళీ దక్కలేదు.

ఇక నాలుగోసారి.

ఎడమ పక్కకు పనస బల్ల ఒకటి కుదిరిందని, వచ్చి తీసుకుపొమ్మని కబురు వచ్చింది. అమ్మా నేనూ వెళ్ళాము. అంగడిలో ఆ రోజు జనం ఉన్నారు. బాగేపల్లిలో హైవే పక్కన చిన్న లాడ్జి కట్టిస్తున్న ఒక ఆసామి వచ్చి ఉన్నాడు. ముందరి గదిలో ప్రతి కుర్చీ పక్కనా ఒక పాత బల్ల వేయించాలని అతని ఆలోచన. ఏవేవి కావాలో వరుసగా చూపిస్తున్నాడు. మాకోసం ఆ పనస బల్లను బయటికి తెచ్చి పెట్టారు. పైభాగం ముదురు గోధుమవన్నె, అంచులు చేతుల రాపిడికి నున్నబడి ఉన్నాయి. నేను చదివినవన్నీ గుర్తుచేసుకుని మోకాళ్ళ మీద కూర్చుని కింద చూశాను. నాలుగు కాళ్ళ చివరా, నేలకు ఆనే చోట, రెండు వేళ్ళ మందాన పచ్చటి పసుపు. తాజా పనస.

ఆయన దగ్గరికి వచ్చి, "చూస్తివా పాపా. ముందు దీని జబ్బు..." అని మొదలుపెట్టబోతుండగా ఫోను మోగింది. సామాను చేరవేసే ఆటో అతను. ఏ బల్ల ఎక్కించాలని అడుగుతున్నట్టున్నాడు. ఆయన కన్నడంలో జవాబిచ్చారు. నా చెవికి వినబడింది ఇది: "అదు హొస్దు కణప్పా. హొస్దే. ఇవత్తే కొడ్తీని."

హొసదు అంటే కన్నడంలో కొత్తది. మాటల్లో దాన్ని హొస్దు అంటారు. అది కొత్తదప్పా, కొత్తదే, ఇవాళే ఇచ్చేస్తాను.

నేను లేచి నిలబడ్డాను. ఆ తర్వాత నేను మాట్లాడిన తీరు నాకు బాగా తెలిసిన తీరే. గొంతు పెంచలేదు. వాక్యం తర్వాత వాక్యం పేర్చుకుంటూ వెళ్ళాను. కాళ్ళ కింద కొత్త కర్ర ఉంది, ఇది నా కళ్ళతో చూశాను. ఇది కొత్తదని మీరే ఇప్పుడు ఫోనులో ఒప్పుకున్నారు, ఇది నా చెవులతో విన్నాను. ముందు జబ్బు చెబుతానని పేరు తెచ్చుకుని, ఆ పేరు చాటున ఇలా అమ్ముతున్నారన్న మాట. వింటున్న వాళ్ళందరికీ అర్థం కావాలని తెలుగులో ఒకసారి, కన్నడంలో ఒకసారి చెప్పాను.

"హొస్దు కాదు పాపా, ఊరు. అది ఊరు..." అన్నారు ఆయన.

"ఊరిని మధ్యలోకి ఎందుకు తెస్తారు? ఊరంతా మెచ్చుకుంటే అబద్ధం నిజమైపోతుందా?"

"అట్ల కాదమ్మా, ఊరు పేరు..."

"మీ నోటితో మీరు అన్నారా లేదా? అంతే చెప్పండి."

ప్రత్యర్థికి మాట పూర్తిచేసే అవకాశం ఇవ్వకూడదని నాకు ఎవరూ నేర్పలేదు, నేనే కనిపెట్టుకున్నాను. ఆయన పెదవులు రెండుమూడుసార్లు కదిలాయి. పళ్ళు లేని చోట గాలి తప్ప మాట రాలేదు. బాగేపల్లి ఆసామి తాను ఏరి పెట్టుకున్న బల్లల వైపు ఒకసారి చూసి, "మళ్ళీ వస్తాలేప్పా," అని చెప్పులు వేసుకున్నాడు. అమ్మ నా మోచెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

ఆయన ఒక్కటే అన్నారు. నాతో కాదు, అమ్మతో. "ఈ పొద్దు వద్దులేమ్మా. అనుమానంతో ఇంట్లోకి సామాను తీసుకుపోగూడదు. కాపీ తాగి పోండి." మేము తాగలేదు.

బస్సు కైవారం దాటాక అమ్మ చెప్పింది: "ఆ కాళ్ళకు ముక్కలు వెయ్యమనింది నేనే. సోఫా చెయ్యి ఎంత ఎత్తుందో దారంతో కొలిచి పంపిస్తి. మీ నాయన చేతికి అందాలని." మరి హొస్దు అని ఎందుకన్నాడు అన్నాను. "అది నాకు తెలీదు. నువ్వు ఆయన్ని చెప్పనిస్తే గదా తెలిసేది," అంది.

తెలియడానికి నాకు ఎక్కువ రోజులు పట్టలేదు. మరో పోటీకి గౌరీబిదనూరు వెళ్ళాను. బస్టాండులో దిగగానే, పక్కనే ఉన్న బస్సు మెట్టు మీద నిలబడి కండక్టరు కేక పెడుతున్నాడు: "హొసూర్దు యారప్పా, హత్కొళ్ళి! హొసూర్దు, హొసూర్దు!" హొసూరు వాళ్ళు ఎవరప్పా, ఎక్కండి అని. ఆ తాలూకాలో హొసూరు ఒక ఊరు. అక్కడిది అంటే హొసూర్దు. అదే మాటను రెండు పళ్ళు లేని నోటితో, గబగబా, ఫోనులో అంటే ఎలా ఉంటుందో, బస్టాండు మధ్యలో నిలబడి పెదవులు ముడుచుకుని నేనే పలికి చూశాను. అది హొసూరుదప్పా. హొసూరుదే. ఇవాళే ఇస్తాను.

ఊరు, పాపా. ఊరు పేరు.

ఆ రోజు పోటీలో నాకే మొదటి బహుమతి. ఇది కూడా చెప్పక తప్పదు. ఆ సంగతి తెలిసిన గంట లోపల వేదిక ఎక్కి, ఒక పిల్లవాణ్ణి అతని మాటతోనే ఓడించాను.

క్షమాపణ అడగాలని అనుకున్నాను. అయితే అందులోనూ నెగ్గాలని చూశాను. ఒక ఉత్తరం రాశాను. చదువుకుంటే అది ఉత్తరంలా లేదు, తీర్పు మీద అప్పీలులా ఉంది: పొరపాటుకు మూలం ధ్వనుల సామ్యం, ఫోనులోని గరగర, తమ దంతాల లోపం. చించేశాను. రెండోదానిలో నన్ను నేను ఎంత కఠినంగా నిందించుకున్నానంటే, చదివిన మనిషి నన్ను ఓదార్చక తప్పదు. అదీ చించేశాను. పరీక్షలయ్యాక నేరుగా వెళ్దాం అనుకున్నాను. అమ్మ ఒకసారి తానే నంబరు కలిపి ఫోను నా చేతిలో పెట్టింది. అవతల కూతురు గొంతు వినిపించింది. "ఎవరూ? నాయనకు ఇవ్వాలా?" నేను ఫోను పెట్టేసి, సిగ్నలు లేదని అమ్మకు చెప్పాను. అమ్మ నా ముఖం చూసింది. తర్వాత ఆ కబురే వచ్చింది.

వారం రోజులకు చింతామణి వెళ్ళాను. ఒంటరిగా. కూతురు అంగడిలోనే ఉంది, ఎవరితోనో బేరం మాట్లాడుతోంది. నన్ను గుర్తుపట్టి, "రామ్మా, కూర్చో," అంది. కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాను: నేను విన్నదేమిటో, ఆయన అన్నదేమిటో, అది నాకు ఎప్పుడు తెలిసిందో, తెలిశాక ఎన్ని నెలలు ఊరుకున్నానో. ఆమె మధ్యలో అడ్డురాలేదు. పూర్తయ్యాక అంది: "నాయనకి ఆ దినమే తెలిసిపోయిందిలేమ్మా, నువ్వేం విన్నావో."

ఎలా అని అడిగాను.

"మీరు పోయినాక ఊరికే కూర్చోని, హొసూర్దు, హొసూర్దు అని తనకు తనే పలికి చూసుకుంటా ఉన్నాడు. నవ్వుకున్నాడు కూడా. పాప తప్పేం లేదు, నా నోరే సరిగ్గా పలకడంలా అన్నాడు. మరి ఫోను చేసి చెప్పు నాయనా, ఆ బిడ్డకి తెలియాల గదా అంటిని. వద్దులే అన్నాడు. చదువుకునే పిల్ల, అంతమందిలో అనేసింది, ఇప్పుడు తప్పని తెలిస్తే తల ఎత్తుకోలేదు, తెలీకపోతేనే మేలు అన్నాడు."

ఆమె బల్లల మీది దుమ్ము తుడుస్తూనే మాట్లాడింది.

"ఆ దినం నుంచీ ఫోను నా చేతికే ఇచ్చేస్తా వచ్చినాడమ్మా. ఎవరన్నా కొనేదానికి వచ్చినా, నువ్వే చెప్పు, నేను చెప్తే ఏమని వినిపిస్తాదో అనేవాడు. ముందు జబ్బు చెప్పేది కూడా నేనే. ఈ వయసులో పళ్ళు కట్టించుకుంటానని ఆస్పత్రికి పోయినాడు. ఎందుకు నాయనా, తినేది ముద్దే గదా అంటే, తినేదానికి కాదులే, మాట తిరగాల గదా అన్నాడు. కొలతలు తీసుకున్నారు. మళ్ళీ పోయేలోగా ఇట్లయింది."

నేను వాదంలో ఎందరి నోళ్ళో మూయించానని చెప్పుకుని తిరిగినదాన్ని. మా వైపు మెచ్చుకోలుకు వాడే మాట అది. నోరు మూయించింది అంటారు. ఆ మాటకు అర్థం నాకు ఆ గోదాములో తెలిసింది.

ఆ పనస బల్లను ఏం చేశారని అడిగాను. ఆమె వెనక వంటింట్లోకి తీసుకువెళ్ళింది. దాని మీద రుబ్బే గ్రైండరు ఉంది. మాట పడిన సామానును మరొకరికి అమ్మకూడదని ఆయనే లోపలికి తెచ్చుకున్నారట. వంగి పలక అడుగున చూశాను. నాలుగు కాళ్ళ చివరలు పరీక్షించిన రోజున నేను తల పైకెత్తి ఆ పలక అడుగు చూడలేదు. అక్కడ కన్నడ అక్షరాలలో, పెన్సిలుతో, ఊరి పేరు రాసి ఉంది. అన్నిటి కిందా అలాగే రాసేవారట. "వయసు ఎవరన్నా అడిగితే నాకు తెలీదు అనేవాడు. ఊరు మాత్రం తెలుసు అనేవాడు. మా అవ్వ కోడండ్లను వాళ్ళ ఊరి పేరు పెట్టి పిలిచినట్టు, మురుగమల్లది, హొసూర్ది అని పిలుస్తా ఉన్నాడు వీటిని," అంది కూతురు.

బాగేపల్లి ఆసామి మళ్ళీ వచ్చాడా అని అడిగాను. రాలేదంది. ఆ మధ్యాహ్నమే బాగేపల్లి బస్సు ఎక్కాను.

లాడ్జి తెరిచారు. ముందరి గదిలో కుర్చీలు వేసి ఉన్నాయి. ఒక్కొక్క కుర్చీ పక్కనా ఇటుకలు పేర్చి, పైన ఒక నాపరాయి పలక పెట్టారు. ఆ ఆసామి నన్ను పోల్చుకోలేదు. చింతామణి అంగడిలో మాట్లాడిన అమ్మాయిని అన్నాక, "ఓ, నువ్వామ్మా!" అని ఎంతో సంతోషంగా కూర్చోమన్నాడు. ఇటుకల వైపు చూస్తున్నానని గమనించి, "కొత్త బల్లలు తెస్తినమ్మా. నాలుగు దినాలు నీళ్ళు పడేసరికి ఉబ్బిపోయినాయి. మంచివి దొరికేదాకా ఇట్ల పెట్టుకోనుండాము," అన్నాడు.

చెప్పాను. ఈసారి పేర్చుకోకుండా చెప్పాను. ఆయన మోసం చేయలేదు, ఆ బల్ల పాతదే, నేను తప్పుగా విన్నాను, ఆయన పోయారు.

అతను గడ్డం గోక్కున్నాడు. "అంత బాగా మాట్లాడినావు గదమ్మా. నిజమే అనుకుంటి," అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే తట్టుకుని ఉండేదాన్ని. తర్వాత మెల్లగా, "ఈడ ఇద్దరు ముగ్గురు అడిగితే నేను కూడా చెప్పినా. ఆ అంగడికి పోవద్దండి అని. ఇప్పుడు వాళ్ళకెట్ల చెప్పేది?" అన్నాడు.

నేను చెబుతాను, ఎవరెవరో చెప్పండి అన్నాను. ఒకరు ఇల్లు కట్టుకుంటున్న బడి మాస్టరు, ఇంకొకరు మిఠాయి అంగడి ఆయన. ఇద్దరినీ ఆ సాయంత్రమే కలిశాను. మాస్టరు గారు విని నీళ్ళిచ్చారు. మిఠాయి అంగడి ఆయన, ఇంత చిన్న విషయానికి ఇంత దూరం వచ్చినావా అని నవ్వాడు. మూడో మనిషి ఎవరో లాడ్జి ఆసామికి ఎంత తలచుకున్నా గుర్తుకు రాలేదు. బస్సులో పక్కన కూర్చున్న వాడట. పేరు అడగలేదట.

కనుక ఇది రాస్తున్నాను. బాగేపల్లి బస్సులో ఎవరో పక్కన కూర్చుని, చింతామణిలో ఫలానా పాత సామాన్ల అంగడి తాత కొత్త బల్లలకు పాత రంగు పూసి అమ్ముతాడని చెప్పగా విన్న పెద్దమనిషీ, మీరు ఈ పేజీ చదివితే, ఆ మాట మొదట అన్నది నేను. అది నిజం కాదు. మీరు ఇంకెవరితోనైనా అని ఉంటే, వారికి కూడా ఈ సంగతి చేరవేయవలసిందిగా మిమ్మల్ని ప్రార్థిస్తున్నాను.

తిరుగు బస్సులో కూర్చునే చోటు లేదు. పైనున్న కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. బస్సు కుదుపుకు చెయ్యి మార్చబోతే అరచెయ్యి ఎర్రగా కనిపించింది. లాడ్జిలో మాట్లాడుతున్నంతసేపూ పక్కనున్న ఇటుకల మీద ఆ చేతిని అదిమిపెట్టి ఉంచానని అప్పుడు గానీ తెలియలేదు. కమ్మీ మీద నాలుగు వేళ్ళ ముద్ర, చెమటకు తడిసిన ఇటుక ఎరుపు. తర్వాతి స్టాపులో గంప ఎత్తుకుని ఒక పెద్దావిడ ఎక్కింది. నేను కొంగుతో తుడిచేలోగా బస్సు కదిలింది. తూలిపడకుండా ఆమె సరిగ్గా ఆ ముద్ర మీదే చెయ్యివేసి పట్టుకుంది.